చేప మెదడులో జీఎన్‌ఆర్‌హెచ్ నాడీకణాల లయను నమోదు చేసి, దాని స్వీయ నియంత్రణను పరీక్షించే విధానం

డ్వార్ఫ్ గౌరామి చేప మెదడును తలకిందులుగా పెట్టి చూస్తే, వాసనను గ్రహించే ఘ్రాణ కందం ముగిసి మెదడు ముందు భాగమైన అగ్రమస్తిష్కం మొదలయ్యే చోట, పైపొరకు దాదాపు ఆనుకునే, ఒక్కో పక్క పది వరకు పెద్ద నాడీకణాలు ఒక గుంపుగా కనిపిస్తాయి. ఇవి గొనాడోట్రోపిన్ రిలీజింగ్ హార్మోన్‌ను, అంటే పరిశోధకులు జీఎన్‌ఆర్‌హెచ్ అని పిలిచే పది అమైనో ఆమ్లాల పెప్టైడ్‌ను తయారుచేస్తాయి. బయటి నుంచి ఏ ప్రేరణ లేకపోయినా సెకనుకు ఒకటి మొదలుకొని ఆరేడు వరకు స్పైక్‌లను, అంటే క్షణికమైన విద్యుత్ సంకేతాలను, గడియారం తప్పనంత క్రమంగా, గంటల తరబడి ఇస్తూ ఉంటాయి. టోక్యో విశ్వవిద్యాలయంలో యోషితాకా ఓకా, హిదేకి ఆబే తదితరులు 1990ల నుంచి చేసిన పని వల్ల ఈ లయ వెనుక ఉన్న అయాన్ ప్రవాహాలు, ఆ లయను అదే హార్మోను మార్చే తీరు చాలావరకు తెలిశాయి. ఆ ప్రయోగాలను తమ ప్రయోగశాలలో తిరిగి చేయాలనుకునే, కణానికి సన్నని గాజు పిపెట్‌ను అంటించి విద్యుత్తును కొలిచే ప్యాచ్ క్లాంప్ పరికరంతో కొంత పరిచయం ఉన్న పరిశోధక విద్యార్థుల కోసం ఈ వ్యాసం.

పని మొదలుపెట్టే ముందే ఒక విషయంలో స్పష్టత అవసరం. హార్మోను పోస్తే కణం లయ మారిందని చూపడం ఒక రోజు పని. కణం తన హార్మోనుతో తన లయను తానే నడుపుకుంటోందని చూపడం వేరే పని, దానికి నెలలు పడుతుంది. మొదటి ఫలితాన్ని పట్టుకుని రెండో మాట అనేయడమే ఈ రంగంలో తరచుగా కనిపించే తొందరపాటు. కాబట్టి కింద చెప్పే ప్రతి దశలోనూ ఆ దశ ఏ మాట అనడానికి అనుమతిస్తుందో, ఏ మాటకు అనుమతించదో కూడా చెప్పుకుంటూ వెళ్దాం.

చేప ఎంపిక

ట్రైకోగాస్టర్ లాలియస్ అనే ఈ చేప మన ఉపఖండానిదే. గంగ, బ్రహ్మపుత్ర పరీవాహక ప్రాంతాల్లో నెమ్మదిగా పారే, మొక్కలు దట్టంగా ఉన్న నీళ్లలో బతుకుతుంది. పాత పరిశోధన పత్రాల్లో దీని పేరు కొలీసా లాలియా అని ఉంటుంది కనుక, వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకాలి. అక్వేరియం దుకాణాల్లో సులువుగా దొరుకుతుంది, కానీ దుకాణంలో కొన్న చేపను ఆ రోజే ప్రయోగానికి వాడకూడదు. వ్యాపారం కోసం పెంచిన గౌరామి గుంపుల్లో ఇరిడోవైరస్ సోకినవి కలిసి ఉండటం మామూలే. రంగు బాగా తేలడానికి హార్మోన్లు పెట్టిన చేపలు కూడా అమ్మకానికి వస్తుంటాయి, అలాంటి చేపలో పునరుత్పత్తి సంబంధమైన ఏ కొలతనూ నమ్మలేం. కొన్న వాటిని కొన్ని వారాలు వేరే తొట్టెలో, 26 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా, రోజుకు 14 గంటల వెలుతురులో ఉంచి, మగవి నురుగు గూళ్లు కట్టడం మొదలుపెట్టాక వాడటం మంచిది. గూడు కట్టడం ఆరోగ్యానికి గుర్తు మాత్రమే కాదు. ఈ కణాలను నాశనం చేసిన మగ గౌరామిలలో గూడు కట్టే ప్రవర్తన తగ్గిందని 1997లో చూపారు కాబట్టి, మనం చదవబోయే కణాలతో దానికి నేరుగా సంబంధం ఉంది.

ఏ చేప అయినా సరిపోదా అని అడిగేవారు ఉంటారు. రోహు, కట్ల, గోల్డ్‌ఫిష్ వంటి కార్ప్ జాతి చేపల్లో ఘ్రాణ కందం పొడవాటి కాడ చివర, మెదడుకు దూరంగా ఉంటుంది, కనుక గౌరామి పటాన్ని పట్టుకుని ఆ మెదళ్లలో వెతకడం వృథా. మెడాకా అనే చిన్న చేపలో జీఎన్‌ఆర్‌హెచ్ కణాలు పచ్చగా మెరిసేలా జన్యుమార్పిడి చేసిన వంశాలు ఉన్నాయి, కణాన్ని గుర్తించడానికి వాటిని మించినవి లేవు. అలాంటి వంశాన్ని తెప్పించుకుని పోషించే వసతి లేని చోట గౌరామియే నయం. ఏ చేపను ఎంచుకున్నా సంస్థలోని జంతు నైతిక సంఘం అనుమతి ముందుగా తీసుకోవాలి.

ఇక్కడ మూడు హార్మోను వ్యవస్థలను కలగాపులగం చేయకుండా చూసుకోవాలి. చాలా ఎముక చేపల్లో జీఎన్‌ఆర్‌హెచ్ 1 కణాలు మెదడు అడుగున, కంటి నాడులు కలిసే చోటికి ముందున్న ప్రీఆప్టిక్ ప్రాంతంలో ఉండి, పీయూష గ్రంథికి తీగలు (ఆక్సాన్‌లు) పంపి, అండోత్పత్తిని నడిపిస్తాయి. జీఎన్‌ఆర్‌హెచ్ 2 కణాలు మధ్య మెదడులో ఉంటాయి. మనం రికార్డు చేసేవి టెర్మినల్ నర్వ్ అనే కపాల నాడికి చెందిన జీఎన్‌ఆర్‌హెచ్ 3 కణాలు, ఇవి తయారుచేసే పెప్టైడ్‌కే సాల్మన్ జీఎన్‌ఆర్‌హెచ్ అని పేరు. వీటి తీగలు పీయూష గ్రంథిని లక్ష్యంగా పెట్టుకోకుండా, ఘ్రాణ కందం నుంచి వెన్నుపాము దాకా మెదడంతటా వ్యాపించి, అక్కడి నాడీకణాల స్పందనను సవరిస్తాయి. కొల్లేరు చుట్టుపక్కల హేచరీల్లో తల్లి చేపలకు ఇచ్చే ఓవాప్రిమ్ ఇంజెక్షన్‌లో ఉండేది కూడా సాల్మన్ జీఎన్‌ఆర్‌హెచ్‌ను పోలిన పెప్టైడే కనుక, అది చేతికి అందుబాటులో ఉంది కదా అని ప్రయోగంలో వాడాలన్న ఆలోచన రావచ్చు. అందులో డోపమైన్‌ను అడ్డుకునే డోంపెరిడోన్ కూడా కలిపి ఉంటుంది కాబట్టి ఈ పనికి అది పనికిరాదు, శుద్ధమైన పెప్టైడ్‌నే కొనాలి.

మెదడును సిద్ధం చేయడం

ఈ కణాలు ఉపరితలానికి దగ్గరగా ఉండటం వల్ల మెదడును పలుచని ముక్కలుగా కోయనక్కరలేదు. మొత్తం మెదడును బయటికి తీసి, అడుగుభాగం పైకి వచ్చేలా పెడితే చాలు. ముక్కలు కోస్తే తెగిపోయే పొడవైన తీగలు, పొరుగు కణాలతో ఉన్న సంబంధాలు ఈ పద్ధతిలో అలాగే ఉంటాయి. స్వీయ నియంత్రణను పరీక్షించేవారికి ఇది చిన్న సౌకర్యం కాదు.

చేపను ఎంఎస్-222 అనే మత్తుమందు ద్రావణంలో పూర్తిగా మత్తులోకి పంపాలి. ఈ మందు నీటిని ఆమ్లంగా మారుస్తుంది కనుక సోడియం బైకార్బొనేట్‌తో సరిచేయడం మరవకూడదు. మొప్పల కదలిక ఆగి, తోకను గిల్లినా స్పందన లేదని తేలాక తల వేరుచేసి, కపాలం పైకప్పును తీసి, కంటి నాడులను కత్తిరించి, మెదడును ముందువైపు నుంచి నెమ్మదిగా ఎత్తాలి. అసలు జాగ్రత్త ఘ్రాణ కందాల దగ్గర చూపాలి. ఘ్రాణ నాడిని ముక్కు వైపు వీలైనంత దూరంలో కత్తిరించకపోతే ఎత్తేటప్పుడు కందం లాగబడి, మనకు కావలసిన కణాల గుంపు ఉన్న మడతే చిరుగుతుంది. గౌరామి గాలి పీల్చే చేప కనుక ఆక్సిజన్ తక్కువైనా ఓర్చుకుంటుందన్న మాట బతికున్న చేపకే వర్తిస్తుంది. బయటికి తీసిన మెదడు ఆక్సిజన్ నింపిన చల్లని ద్రావణంలోకి నిమిషాల్లో చేరాలి.

ద్రావణం విషయంలో ఒక్కో ప్రయోగశాలది ఒక్కో లెక్క. మొదలుపెట్టడానికి సోడియం క్లోరైడ్ 140, పొటాషియం క్లోరైడ్ 5, కాల్షియం క్లోరైడ్ 2.4, మెగ్నీషియం క్లోరైడ్ 1.3, పీహెచ్‌ను నిలిపి ఉంచే హెపీస్ 10, గ్లూకోజ్ 10 మిల్లీమోలార్ చొప్పున, పీహెచ్ 7.4 దగ్గర సర్దిన మిశ్రమం సరిపోతుంది. మెదడును రికార్డింగ్ పాత్రలో అడుగుభాగం పైకి ఉండేలా పరిచి, నైలాన్ దారాలు బిగించిన ప్లాటినం చట్రంతో కదలకుండా నొక్కి ఉంచి, సూక్ష్మమైన ఫోర్సెప్స్‌తో కణాల గుంపు మీది పలుచని పొరను తొలగించాలి. ఈ పొర ఒలిచే పని ఓపిక మీద ఆధారపడింది. పొర మిగిలితే పిపెట్ కొన మూసుకుపోతుంది, ఎక్కువ లాగితే కణాలు పొరతో పాటు వచ్చేస్తాయి. 40 రెట్ల నీటిలో ముంచే కటకం కింద చూసినప్పుడు, గుంపుగా, చుట్టుపక్కల కణాల కంటే స్పష్టంగా పెద్దగా, గుండ్రటి అంచులతో కనిపించేవే మన కణాలు.

హార్మోను వేయకముందు

నేరుగా, కణం పొరను చీల్చి కొలిచే హోల్‌సెల్ పద్ధతిలోకి దిగకుండా, కణం పొరకు పిపెట్‌ను అంటించి, పొరను చీల్చకుండా వచ్చే స్పైక్‌లను కొంతసేపు వినాలని నా సలహా. పొర చీలితే కణంలోని ద్రవం పిపెట్‌లోకి, పిపెట్‌లోని ద్రవం కణంలోకి పోతాయి. అప్పుడు మనం చూసేది కణం లయో, మన పిపెట్ ద్రావణం తెచ్చిన లయో చెప్పలేం. పొర చీల్చకముందు ఉన్న రేటు, చీల్చిన పది నిమిషాల తరువాత ఉన్న రేటు దాదాపు ఒకటే అయితే, ఆ తరువాతి ఫలితాలపై నమ్మకం పెరుగుతుంది.

పిపెట్ నిరోధం 4 నుంచి 8 మెగాఓమ్‌లు ఉంటే ఈ కణాలకు అనుకూలం. లోపలి ద్రావణంలో పొటాషియం గ్లూకోనేట్ ప్రధానంగా ఉండాలి. ఏటీపీతో పాటు జీటీపీని 0.3 మిల్లీమోలార్ దగ్గర తప్పనిసరిగా చేర్చాలి, ఎందుకంటే జీఎన్‌ఆర్‌హెచ్ గ్రాహకం జీటీపీతో నడిచే జీ-ప్రొటీన్ ద్వారా పనిచేసేది, జీటీపీ లేని కణంలో ఆ దారి కొద్ది నిమిషాల్లోనే ఎండిపోతుంది. కాల్షియంను బంధించే ఈజీటీఏను అలవాటు ప్రకారం ఎక్కువ మోతాదులో పోయడం ఈ ప్రయోగంలో ప్రత్యేకించి ప్రమాదకరం. తరువాత చెప్పబోయే మొదటి స్పందన కణం లోపలి కాల్షియం మీదే ఆధారపడుతుంది, ఈజీటీఏ దాన్ని మింగేస్తే స్పందన లేదని పొరబడతాం. గ్లూకోనేట్ వాడినప్పుడు వచ్చే ద్రవ సంధి పొటెన్షియల్‌ను, అంటే రెండు ద్రావణాలు కలిసే చోట పుట్టే వోల్టేజీని, లెక్కగట్టి కొలతల నుంచి సరిచేయాలి.

స్థిరమైన రికార్డు దొరికాక పది నిమిషాల పాటు ఏమీ చేయకుండా చూడాలి. స్పైక్‌కు స్పైక్‌కు మధ్య విరామాలను కొలిచి, వాటి ప్రామాణిక విచలనాన్ని సగటుతో భాగిస్తే వచ్చే సంఖ్య లయ ఎంత క్రమంగా ఉందో చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఈ కణాల్లో ఆ సంఖ్య చిన్నది. మెడాకాలోని ప్రీఆప్టిక్ జీఎన్‌ఆర్‌హెచ్ 1 కణాల్లో ఇంతటి క్రమం కనిపించదు, వాటి స్పందన రోజులోని వేళను బట్టి కూడా మారుతుందని 2012లో వెలువడిన పరిశీలన ఉంది. అందుచేత క్రమం అన్నది ఈ గుంపును గుర్తించడానికి కూడా ఒక ఆనవాలు.

ఉష్ణోగ్రతను నిర్లక్ష్యం చేసినవారు చాలా త్వరగా పశ్చాత్తాపపడతారు. ఎండాకాలంలో ప్రయోగశాల ఏసీ కంప్రెసర్ ఆగి తిరిగి మొదలైన ప్రతిసారీ పాత్రలోని ద్రావణం ఒకటి రెండు డిగ్రీలు పైకీ కిందికీ పోతుంది, దాంతో పాటే స్పైక్‌ల రేటు అలలాగా లేచి దిగుతుంది. రేటును నిమిషానికొక చుక్కగా గీసిన రేఖాచిత్రంలో ఆ అలను చూస్తే అది ఎంతో అందమైన జీవ లయలా కనిపిస్తుంది. పక్కనే ద్రావణం ఉష్ణోగ్రతను కూడా రికార్డు చేసి రెండు గీతలనూ ఒకదాని కింద ఒకటి పెట్టి చూసుకునే అలవాటు తప్ప దీనికి వేరే మందు లేదు.

లయ కణానిదే అని తేల్చడం

పొరుగు నాడీకణాల నుంచి వచ్చే సంకేతాల వల్ల కాకుండా, కణం సొంతంగానే లయను పుట్టిస్తోందని ముందుగా నిర్ధారించుకోవాలి. గ్లూటమేట్, గాబా గ్రాహకాలను అడ్డుకునే కైన్యురెనిక్ ఆమ్లం, పిక్రోటాక్సిన్ వంటి మందులు కలిపిన తరువాత కూడా లయ కొనసాగితే, రసాయన సినాప్స్‌ల, అంటే కణాలు రసాయనాలతో సంకేతాలు అందించుకునే సంధుల, పాత్ర ప్రధానం కాదని అనవచ్చు. అంతకుమించి అనకూడదు, ఎందుకంటే ఈ గుంపులోని కణాలు ఒకదానితో ఒకటి, విద్యుత్తు నేరుగా దాటగల విద్యుత్ సంధులతో కూడా కలిసి ఉన్నాయని రెండు కణాలను ఒకేసారి ప్యాచ్ చేసిన ప్రయోగాలు చూపాయి. సినాప్స్ మందులు ఆ సంధులను తాకవు.

లయకు మూలమైన ప్రవాహం ఏదన్నది 1995లో ఓకా తేల్చారు. రెండు స్పైక్‌ల మధ్య కణం మెంబ్రేన్ పొటెన్షియల్‌ను నెమ్మదిగా పైకి తోసేది, టెట్రోడోటాక్సిన్ అనే విషానికి లొంగని, ఆగకుండా కొనసాగే ఒక సోడియం ప్రవాహం. మామూలు నాడీకణాల్లో స్పైక్‌ను పుట్టించే వేగవంతమైన సోడియం ఛానల్‌లను ఆ విషం మూసేస్తుంది, ఈ నెమ్మదైన ప్రవాహాన్ని మాత్రం ముట్టుకోదు. దీన్ని మీ రికార్డులో చూడాలంటే బయటి ద్రావణంలోని సోడియంను ఎన్‌ఎండీజీ వంటి, ఛానల్ గుండా పోలేని పెద్ద అయాన్‌తో మార్చాలి. పొటెన్షియల్ మరింత రుణాత్మకమై, లయ ఆగిపోవాలి. సోడియంకు బదులు కోలీన్ వాడే అలవాటు కొన్నిచోట్ల ఉంది గాని, అది అసిటైల్‌కోలీన్‌కు స్పందించే మస్కరినిక్ గ్రాహకాలను ప్రేరేపించే అవకాశం ఉంది కాబట్టి ఎన్‌ఎండీజీనే మేలు. ఈ సోడియం ప్రవాహానికి ఎదురుగా, కణాన్ని కిందికి లాగే పొటాషియం ప్రవాహాలు నిలుస్తాయి, ఈ రెండింటి మధ్య తూకమే స్పైక్‌ల మధ్య విరామాన్ని నిర్ణయిస్తుంది. హార్మోను ఈ తూకాన్ని అటో ఇటో కదిలిస్తుంది. టెట్రోడోటాక్సిన్ ప్రాణాంతక విషం కనుక దాన్ని తాళం వేసిన చోట ఉంచి, ఎంత తీసిందీ పుస్తకంలో రాసి, చేతి తొడుగులతోనే వాడాలి.

హార్మోను వేసినప్పుడు

సాల్మన్ జీఎన్‌ఆర్‌హెచ్‌ను కొన్ని వందల నానోమోలార్ గాఢతలో పాత్రలోకి పారించినప్పుడు కనిపించే స్పందనకు రెండు అంచెలు ఉంటాయి. మొదట స్పైక్‌ల రేటు తగ్గుతుంది. ఈ తగ్గుదల కొద్దిసేపే ఉంటుంది, కొన్ని కణాల్లో లయ కాసేపు పూర్తిగా ఆగిపోతుంది కూడా. ఆ తరువాత రేటు తిరిగి లేచి, ముందున్న స్థాయిని దాటి, హార్మోను వేయకముందు కంటే ఎక్కువ వేగంతో చాలాసేపు కొనసాగుతుంది. తగ్గుదలను చూడగానే హార్మోను ఈ కణాన్ని అణచివేస్తుందని రాసుకుని ద్రావణం మార్చేసేవారికి రెండో అంచె ఎప్పటికీ కనపడదు. అలాగే నిమిషం సగటులను మాత్రమే గీసేవారికి మొదటి అంచె మసకబారి పోతుంది. కాబట్టి విరామాలను పది సెకన్ల తునకలుగా లెక్కించి, హార్మోను వేశాక కనీసం 20 నిమిషాలు రికార్డును కొనసాగించడం అవసరం.

హార్మోనును పారించే వేగం గురించి కూడా ఆలోచించాలి. పాత్రలోని ద్రావణం మారడానికే ఒక నిమిషం పైన పట్టేటట్లయితే, కణం అన్ని గాఢతలనూ మెట్టు మెట్టుగా ఎదుర్కొంటుంది, మొదటి అంచె ఎప్పుడు మొదలైందో చెప్పడం కుదరదు. కణానికి దగ్గరగా పెట్టిన రెండో పిపెట్ నుంచి చిన్న ఒత్తిడితో హార్మోనును విడుదల చేస్తే సమయం కచ్చితంగా తెలుస్తుంది, కానీ ఆ ఒత్తిడే కణాన్ని కదిలించి లయను మార్చవచ్చు. అందుకని హార్మోను లేని ద్రావణాన్ని అదే ఒత్తిడితో ముందు వదిలి చూడాలి. ఒకే మెదడుకు పదేపదే హార్మోను ఇస్తే గ్రాహకాలు మొద్దుబారతాయి. మొదటిసారి వచ్చిన స్పందననే లెక్కలోకి తీసుకుని, ఒక మెదడుకు ఒకే పరీక్ష అన్న నియమం పెట్టుకోవడం ఖరీదైన పనే అయినా, తరువాత గణాంకాల దగ్గర వాదనలు తప్పుతాయి.

మొదటి అంచె వెనుక ఉన్న గొలుసును ఆబే, ఓకా 2002లో వివరించారు. హార్మోను గ్రాహకాన్ని తాకుతుంది, జీ-ప్రొటీన్ మేలుకుంటుంది, ఐపీ3 అనే చిన్న అణువు తయారై కణం లోపలి నిల్వల నుంచి కాల్షియంను విడుదల చేయిస్తుంది, ఆ కాల్షియం ఎస్‌కే రకం పొటాషియం ఛానల్‌లను తెరుస్తుంది, పొటాషియం బయటికి పోయి కణం పొటెన్షియల్ కిందికి జారుతుంది, లయ మందగిస్తుంది. ఈ గొలుసులో ప్రతి లంకెనూ విడివిడిగా తెంచి చూడవచ్చు. పిపెట్‌లో జీటీపీ స్థానంలో జీడీపీ-బీటా-ఎస్ పెడితే జీ-ప్రొటీన్ లంకె తెగుతుంది. పిపెట్‌లో హెపారిన్ పెడితే ఐపీ3 గ్రాహకం మూసుకుపోతుంది. బాప్టా పెడితే విడుదలైన కాల్షియం ఎక్కడికీ చేరకముందే బంధించబడుతుంది. తేనెటీగ విషం నుంచి వచ్చే అపామిన్‌ను బయటి ద్రావణంలో 100 నుంచి 200 నానోమోలార్ వరకు కలిపితే చివరి లంకె అయిన ఎస్‌కే ఛానల్ తెగుతుంది. ఈ నాలుగింటిలో అపామిన్‌తో మొదలుపెట్టడం తేలిక. ఒకే కణంలో ముందు దాని ఆధార లయను, తరువాత అపామిన్‌తో మాత్రమే వచ్చే మార్పును, ఆ పైన హార్మోను ప్రభావాన్ని వరుసగా చూడవచ్చు. అపామిన్ ఒక్కటే వేసినప్పుడు లయ కొంత మారితే ఆశ్చర్యపోనవసరం లేదు, ఎందుకంటే ఎస్‌కే ఛానల్‌లు హార్మోను లేనప్పుడు కూడా కొంత తెరిచే ఉండవచ్చు. మారిన ఆ లయనే కొత్త ఆధారంగా తీసుకుని హార్మోనును పరీక్షించాలి.

పిపెట్‌లో మందు పెట్టే ప్రయోగాలకు వేచి ఉండే ఓపిక కావాలి. పెద్ద కణంలోకి, అందులోనూ హెపారిన్ వంటి పెద్ద అణువు, చేరడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది. అంతసేపు ఆగితే సాధారణ పిపెట్ ద్రావణంతో కూడా స్పందన బలహీనపడే అవకాశం ఉంది కనుక, మందు లేని పిపెట్‌తో, అంతే సేపు ఆగి చేసిన ప్రయోగాలు సమాన సంఖ్యలో పక్కన ఉండాలి. ఏ రోజు ఏ పిపెట్‌లో ఏముందో రికార్డు చేసే వ్యక్తికి తెలియకుండా మరొకరు నింపి ఇస్తే ఇంకా మంచిది.

రెండో అంచెలో రేటు పెరగడానికి వోల్టేజీతో తెరుచుకునే కాల్షియం ఛానల్‌ల ప్రవాహంలో మార్పు కారణమని అదే పరిశోధన సూచించింది. దీన్ని పరీక్షించడానికి, కణం వోల్టేజీని కదలకుండా పట్టి ఉంచి ప్రవాహాన్ని కొలిచే వోల్టేజ్ క్లాంప్‌లో, సోడియం, పొటాషియం ప్రవాహాలను అడ్డుకుని, కాల్షియం ప్రవాహాన్ని మాత్రమే హార్మోనుకు ముందు, తరువాత కొలవాలి. ఇంత పొడవైన తీగలున్న కణంలో వోల్టేజ్ క్లాంప్ తీగల చివరిదాకా పట్టు నిలపలేదు. కాబట్టి ప్రవాహం పరిమాణం కంటే అది పెరిగిందా తగ్గిందా అన్న దిశనే ఎక్కువ నమ్మాలి. కాల్షియం ఛానల్‌లను నికెల్ లేదా కాడ్మియంతో మూసి, రేటు పెరుగుదల పోయిందని చూపడం చూడటానికి సులువుగానే ఉంటుంది గాని, ఆ లోహాలు సినాప్స్‌లనూ హార్మోను విడుదలనూ కూడా ఆపేస్తాయి కనుక ఆ ఫలితానికి ఒకటికి మించిన అర్థాలు వస్తాయి.

స్వీయ నియంత్రణ అనడానికి కావలసిన రుజువులు

ఇప్పటిదాకా చేసినదంతా, బయటి నుంచి పోసిన హార్మోనుకు కణం స్పందిస్తుందని చెబుతుంది. కణం సొంతంగా విడుదల చేసిన హార్మోనుకు కూడా అది స్పందిస్తోందనడానికి ఇంకొన్ని అంచెలు దాటాలి.

హార్మోను ఈ కణాల దేహం దగ్గరే విడుదలవుతుందా అన్నది మొదటి ప్రశ్న. టెర్మినల్ నర్వ్ కణాల గుంపును ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూసినవారు, కణ దేహంలోనే పెప్టైడ్ నిండిన చిన్న సంచులను, అవి సినాప్స్ లేని చోట పొరకు చేరే ఆనవాళ్లను గుర్తించారు. కణాలు ఒకదానికొకటి ఒత్తుకుని ఉండే ఈ గుంపులో అలా విడుదలైన హార్మోను తన మీదా, పొరుగు కణం మీదా పడే వీలుంది. ఇది వీలు మాత్రమే, అలా జరుగుతోందని ఇంకా చూపలేదు.

స్పందించే గ్రాహకం రికార్డు చేస్తున్న కణంలోనే ఉందా అన్నది రెండోది. జీడీపీ-బీటా-ఎస్ ప్రయోగానికి నిజమైన విలువ ఇక్కడే. మందు ఒక్క కణంలోనే ఉంది, హార్మోను మెదడంతా పారింది, అయినా ఈ కణం స్పందించలేదంటే, పొరుగు కణాల మీదుగా వచ్చిన ప్రభావం కాదని తేలుతుంది. అయితే విద్యుత్ సంధులు దాదాపు 1000 డాల్టన్ల లోపు బరువున్న అణువులను పక్క కణంలోకి పోనిస్తాయి, జీడీపీ-బీటా-ఎస్ ఆ పరిమితి లోపలే ఉంది. హెపారిన్ అంతకంటే చాలా పెద్దది కనుక ఒకే కణానికి పరిమితమైన మందుగా దానిపై ఎక్కువ భరోసా పెట్టవచ్చు. రెండూ ఒకే ఫలితం ఇస్తే వాదన గట్టిపడుతుంది.

బయటి నుంచి ఏమీ పోయనప్పుడు, జీఎన్‌ఆర్‌హెచ్ గ్రాహకాన్ని అడ్డుకునే మందు ఒక్కటే ఆధార లయను మారుస్తుందా అన్నది మూడోది, అన్నిటికంటే కష్టమైనది. మారితే, కణాలు సహజంగా విడుదల చేసే హార్మోను ఆ సమయంలో లయపై పనిచేస్తోందన్నమాట. మారకపోతే రెండు కారణాలు ఉండవచ్చు. ఆ సమయంలో విడుదల లేకపోవచ్చు, లేదా క్షీరదాల గ్రాహకం కోసం తయారుచేసిన ఆ మందు చేప గ్రాహకాన్ని సరిగా పట్టుకోకపోవచ్చు. కాబట్టి అదే మందు బయటి నుంచి పోసిన సాల్మన్ జీఎన్‌ఆర్‌హెచ్ ప్రభావాన్ని ఆపగలదని ముందే చూపి ఉండాలి. అది చూపకుండా వచ్చిన, మార్పు లేదన్న ఫలితాన్ని ఎవరూ ప్రచురించరు, ప్రచురించకూడదు కూడా.

ఈ మూడూ నెరవేరినా తన హార్మోను తన మీద, పొరుగు కణం హార్మోను తన మీద అన్న రెండింటినీ విడదీయడం ఇంత బిగుతుగా ఉన్న గుంపులో దాదాపు అసాధ్యం. గుంపు తన లయను తాను సవరించుకుంటుందని రాయడమే నిజాయితీ గల వాక్యం అని నా అభిప్రాయం. ఒక కణం హార్మోను మొత్తం గుంపును కొద్దిసేపు ఆపి, తరువాత అందరినీ ఒకేసారి వేగంగా మొదలుపెట్టించడం, గుంపు ఒకే వేళకు మేలుకోవడానికి దోహదపడవచ్చు. విద్యుత్ సంధుల వల్ల కలిసి కొట్టుకునే కణాల్లో ఇది ఆలోచించదగిన ప్రతిపాదన. మరోవైపు, ఆర్‌ఎఫ్‌అమైడ్ కుటుంబానికి చెందిన పెప్టైడ్‌లు ఈ కణాల లయను అణచివేస్తాయని కూడా తెలుసు, కనుక లయను మార్చేది జీఎన్‌ఆర్‌హెచ్ ఒక్కటే అన్న భావన రాకుండా ఫలితాలను రాయాలి.

రికార్డు ముగిశాక

ప్రతి ప్రయోగం చివర, రికార్డు చేసిన కణం నిజంగా జీఎన్‌ఆర్‌హెచ్ కణమేనని నిర్ధారించాలి. పిపెట్ ద్రావణంలో మొదటి నుంచీ కొద్దిగా బయోసైటిన్ (తరువాత రంగు వేసి కణాన్ని గుర్తించడానికి వాడే పదార్థం) కలిపి ఉంచితే, అది ఈపాటికి కణంలో నిండి ఉంటుంది. పిపెట్‌ను చాలా నెమ్మదిగా, కణం పొర తిరిగి మూసుకునేలా వెనక్కి లాగి, మెదడును పారాఫార్మాల్డిహైడ్‌లో స్థిరపరచి, బయోసైటిన్‌ను ఒక రంగులోనూ, జీఎన్‌ఆర్‌హెచ్ ప్రతిదేహంతో హార్మోనును మరో రంగులోనూ చూపాలి. రెండు రంగులూ కలిసిన కణం రికార్డునే లెక్కలోకి తీసుకోవాలి. బయోసైటిన్ కూడా చిన్న అణువే కనుక, ఒక్క కణాన్ని నింపితే రెండు మూడు కణాలు రంగు తేలడం జరుగుతుంది. అప్పుడు అన్నిటికంటే ముదురుగా రంగు పట్టి, పిపెట్ తగిలిన వైపు పొర కాస్త చెదిరి కనిపించేదే మీరు రికార్డు చేసిన కణం. మిగతావి విద్యుత్ సంధుల ద్వారా దానితో కలిసి ఉన్నవని నోటు పుస్తకంలో వాటి సంఖ్యతో సహా రాసుకుంటే, ఆ రోజు జీడీపీ-బీటా-ఎస్ ఫలితాన్ని ఎంతవరకు నమ్మాలో తరువాత అదే చెబుతుంది.